కెనడాలో శరణు కేసు కొట్టేశారా? ఫెడరల్ కోర్టుకు వెళ్లే ముందు ఇంటివాళ్లు తెలుసుకోవాల్సినవి

నేను కడప జిల్లా కోర్టులో అడ్వకేటుని. కెనడా కోర్టులో వాదించే అర్హత నాకు లేదు, ఆ కేసులు నేను నడపను. నా పని ఇక్కడే. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, మైదుకూరు వైపు నుంచి తల్లిదండ్రులు తెచ్చే ఎఫ్ఐఆర్‌లు, చార్జిషీట్లు, గాయాల సర్టిఫికెట్లు ఇంగ్లీషులోకి మార్చి, వాళ్ల పిల్లల లాయర్లకు టొరంటోకో బ్రాంప్టన్‌కో పంపుతాను. ఆ లాయర్లతో మాట్లాడుతూ, వాళ్లు పంపిన ఆర్డర్లు చదువుతూ, అక్కడి చట్టం తెరిచి సరిచూసుకుంటూ తెలుసుకున్న సంగతులు ఇవి. పాత కక్షల వల్ల ఊరు విడిచినవాళ్లు, వేరే కులంలో పెళ్లి చేసుకుని పారిపోయినవాళ్లు, ఎన్నికల్లో పోలింగ్ ఏజెంటుగా కూర్చున్నందుకు దెబ్బలు తిన్నవాళ్లు, నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ ఇలాంటి కేసులే.

కేసు పోయిందని ఫోన్ రాగానే ఇంట్లో అందరికీ టెన్షన్. మరుసటి రోజు పొద్దున్నే నా ఆఫీసుకు వచ్చి "మేడం, ఉన్న పేపర్లన్నీ పంపినాం కదా, ఇంకేం పంపాల?" అని అడుగుతారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. అయినా నా జవాబు ఎప్పుడూ ఒకటే. పేపర్ల సంగతి తర్వాత, ముందు ఆర్డర్ తెప్పించండి. ఆఖరి పేజీ ఒక్కటి ఫోటో తీసి పంపితే చాలదు, కారణాలు రాసిన పేజీలన్నీ కావాలి. కోర్టు తూకం వేసేది మీ అబ్బాయి పడిన కష్టాన్ని కాదు, ఆ ఆర్డర్‌ని.

కొట్టేసింది ఎవరు?

కెనడాలో శరణు అర్జీని మొదట వినేది కోర్టు కాదు. ఇమ్మిగ్రేషన్ అండ్ రెఫ్యూజీ బోర్డులో రెఫ్యూజీ ప్రొటెక్షన్ డివిజన్ అని ఉంది, ఆర్పీడీ అంటారు. అక్కడ మెంబరు, అంటే అర్జీ విని తేల్చే బోర్డు అధికారి, ఎదుట విచారణ జరుగుతుంది. ఆయన కాదంటే అదే బోర్డులో రెఫ్యూజీ అప్పీల్ డివిజన్, అంటే ఆర్ఏడీ ఉంది. ఇది 2012 డిసెంబరు నుంచి పనిచేస్తోంది. ఆర్పీడీ కారణాలు చేతికందాక 15 రోజుల్లో అప్పీలు నోటీసు వేయాలి, 45 రోజుల్లో పూర్తి కాగితాలు ఇవ్వాలి. ఆర్ఏడీ కూడా కాదన్నాకే ఫెడరల్ కోర్టు మాట వస్తుంది.

కొందరికి ఆర్ఏడీ మెట్టు ఉండదు. అర్జీకి నమ్మదగిన ఆధారమే లేదని, లేదా అది స్పష్టంగా నిరాధారమని ఆర్పీడీ రాస్తే అప్పీలు హక్కు పోతుంది. అమెరికా సరిహద్దు దాటి వచ్చి, శరణార్థుల గురించి కెనడా, అమెరికాల మధ్య ఉన్న ఒప్పందంలోని మినహాయింపు కింద అర్జీ పెట్టుకున్నవాళ్లకూ అంతే. వీళ్లు నేరుగా ఫెడరల్ కోర్టుకు వెళ్లాలి. వీళ్ల పరిస్థితి మిగతావాళ్లకంటే కష్టమైనది, ఎందుకో కింద చెబుతాను.

అందుకే మొదటి ఫోన్‌లోనే అడగండి: "నాయనా, ఇది ఆర్పీడీ ఆర్డరా, ఆర్ఏడీ ఆర్డరా? నీ చేతికి ఏ తారీఖున వచ్చింది?" ఈ రెండూ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

పదిహేను రోజులు

బోర్డు ఆర్డర్ తెలిసిన రోజు నుంచి ఫెడరల్ కోర్టులో అర్జీ వేయడానికి ఉన్నది 15 రోజులు. వాళ్ల ఇమ్మిగ్రేషన్ చట్టం 72వ సెక్షన్‌లో ఉంది. మన దగ్గర అప్పీళ్లకు 30, 60, 90 రోజులు చూసి అలవాటైనవాళ్లకు ఇది నమ్మశక్యం కాదు. ఇంకా చాలా రోజులుందని ఊరుకుంటారు.

ఒక ఊరట ఉంది. ఆ 15 రోజుల్లో వేయాల్సింది అర్జీ ఫారం మాత్రమే. ఫీజు 50 కెనడా డాలర్లు. వాదన, అఫిడవిట్, రికార్డు అన్నీ ఆ తర్వాత. నిబంధనల ప్రకారం దానికి 30 రోజులు ఇస్తారు. కేసులు పేరుకుపోవడంతో 2025 మేలో కోర్టు దాన్ని 75కు పెంచింది. మీ కేసుకు ఏది వర్తిస్తుందో లాయరును సూటిగా అడిగి తెలుసుకోండి. "కడప నుంచి ఇంకో సర్టిఫికెట్ రావాలి, వచ్చాక వేద్దాం" అని ఫారం ఆపితే మాత్రం ఒప్పుకోవద్దు. ఇక్కడి నుంచి వెళ్లే ఏ కాగితం కోసమూ ఆ ఫారం ఆగనక్కర్లేదు.

గడువు దాటితే పొడిగించమని అడగొచ్చు, సరైన కారణం ఉంటే జడ్జి ఒప్పుకోనూవచ్చు. కానీ దానివల్ల పోయేది ఇంకొకటుంది. ఆర్ఏడీ ఆర్డర్ మీద గడువులోపల అర్జీ వేస్తే, అది తేలేదాకా సాధారణంగా మనిషిని దేశం నుంచి పంపకుండా ఆటోమేటిక్ స్టే ఉంటుంది. పొడిగింపు అడుక్కుని వేస్తే ఆ స్టే రాదు. ఆర్పీడీ నుంచి నేరుగా వచ్చినవాళ్లకు కూడా ఈ స్టే లేదు. పైన కష్టమైనదన్నది అందుకే. దేశం నుంచి పంపించేస్తారన్న భయం ఉంటే వాళ్లు విడిగా స్టే మోషన్ వేయాలి. అందులో మూడు చూపించాలి: వాదించదగ్గ గట్టి ప్రశ్న ఉందని, వెనక్కి పంపితే పూడ్చలేని నష్టం జరుగుతుందని, ఆపడం వల్ల ప్రభుత్వానికయ్యే ఇబ్బంది కంటే ఆపకపోతే మనకయ్యే నష్టం పెద్దదని. 1988 నాటి టోత్ తీర్పు నుంచి ఇదే కొలత.

కోర్టు ఏం చూస్తుంది, ఏం చూడదు

అమరావతి హైకోర్టులో రిట్ వేసినవాళ్లకు ఇది త్వరగా అర్థమవుతుంది. తహసీల్దారు ఇచ్చిన ఆర్డర్ మీద రిట్ వేస్తే జడ్జి పొలం ఎవరిదో తేల్చడు, తహసీల్దారు పద్ధతి ప్రకారం నడిచాడా, కారణాలు సరిగా రాశాడా అని చూస్తాడు. ఫెడరల్ కోర్టు చేసేదీ అదే. దాన్ని జుడీషియల్ రివ్యూ అంటారు. మీ అబ్బాయికి శరణు ఇచ్చే అధికారం ఆ జడ్జి వాడడు. గెలిస్తే ఆర్డర్ రద్దు చేసి, వేరే మెంబరు మళ్లీ వినాలని వెనక్కి పంపుతాడు. గెలిచామన్నప్పుడు ఇంట్లో పండగ చేసుకునే ముందు ఈ మాట గుర్తుంచుకోవాలి.

దానికంటే ముందు ఇంకో గడప ఉంది. దాని పేరు లీవ్, అంటే అనుమతి. మన సుప్రీంకోర్టులో స్పెషల్ లీవ్ పిటిషన్ తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. జడ్జి కాగితాలు మాత్రమే చదివి కేసు వినాలా వద్దా తేలుస్తాడు. ఎవరూ హాజరు కానక్కర్లేదు. వద్దంటే సాధారణంగా కారణం కూడా రాయరు, దాని మీద అప్పీలు లేదు. కాబట్టి లాయరు రాసే ఆ మొదటి వాదనే మీ కేసుకు ప్రాణం. అనుమతి వస్తే 30 నుంచి 90 రోజుల లోపల విచారణ పెడతారు. అక్కడ లాయర్లు మాత్రమే మాట్లాడతారు, మీ అబ్బాయిని సాక్షిగా నిలబెట్టరు.

ఆర్డర్ తప్పని ఎట్లా తేలుస్తారు? 2019 డిసెంబరులో కెనడా సుప్రీంకోర్టు ఇచ్చిన వావిలోవ్ తీర్పు ఇప్పుడు దారి చూపేది. మెంబరు రాసిన కారణాలు సాక్ష్యానికీ చట్టానికీ అతుకుతున్నాయా, ఒకదాని నుంచి ఇంకొకటి సరిగా వచ్చిందా అన్నది ప్రశ్న. మెంబరు స్థానంలో తాను ఉంటే ఏం చేసేవాడో జడ్జి చూడడు. "మా వాడు చెప్పింది నిజమే కదా మేడం" అని తల్లులు ఏడుస్తారు. నిజమే కావచ్చు. ఆ మాట ఒక్కదాంతో ఈ కోర్టులో పని జరగదు. ఆర్డర్‌లో ఏ పేరాలో, ఏ సాక్ష్యాన్ని వదిలేసి, ఏ తప్పు చేశాడో చూపించాలి.

ఆర్డర్ చదివే పద్ధతి

ప్రింటు తీయించండి. ఇంగ్లీషు చదవగల మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి. పేరాలకు నంబర్లుంటాయి. ప్రతి పేరా పక్కన ఇది కేసు వివరమా, చట్టమా, మెంబరు తేల్చిన మాటా అని రాయండి. మెంబరు తేల్చిన మాటలు మామూలుగా నాలుగు రకాలుగా ఉంటాయి: నమ్మలేదు, పోలీసులే కాపాడగలరు, చట్టం చెప్పిన కారణాల్లోకి రాదు, భారతదేశంలోనే ఇంకో ఊళ్లో బతకొచ్చు.

నేను చూసిన ఆర్డర్లలో మన వాళ్లను ఎక్కువగా ఓడించింది ఈ ఆఖరిదే. ఇంటర్నల్ ఫ్లైట్ ఆల్టర్నేటివ్ అని రాస్తారు, ఐఎఫ్ఏ అని పొట్టిగా అంటారు. ముంబయి పేరో, కోల్‌కతా పేరో, బెంగళూరు పేరో చెప్పి అక్కడ ఎందుకు ఉండలేవు అంటారు. 1990ల మొదట్లో శ్రీలంక తమిళుల కేసులు, రాసరత్నం, తిరునావుక్కరసు, వీటిలో ఈ పరీక్ష స్థిరపడింది. రెండు భాగాలు. ఆ ఊళ్లో ప్రమాదం లేదా అన్నది మొదటిది. అన్ని పరిస్థితులూ చూస్తే అక్కడికి వెళ్లి బతకమనడం న్యాయమేనా అన్నది రెండోది. రెండోదాంట్లో గెలవడం చాలా కష్టం. ఉద్యోగం దొరకదు, భాష రాదు అంటే చాలదు, ప్రాణానికో భద్రతకో ముప్పు తెచ్చే పరిస్థితులు చూపించమంటారు. అందుకే పోరాటమంతా మొదటి భాగం మీదే. వెతికి పట్టుకునే శక్తి అవతలివాళ్లకు ఉందా? వెతకాలన్న పట్టుదల ఇంకా ఉందా?

జమ్మలమడుగు దగ్గరి ఒక కుర్రాడి ఆర్డర్ గురించి చెబుతాను. "అతను వెళ్లిపోయాక ఎవరూ అతని కోసం వెతకలేదు, కాబట్టి కోల్‌కతాలో ప్రమాదం లేదు" అని మెంబరు రాశాడు. కానీ రికార్డులో వాళ్లమ్మ అఫిడవిట్ ఉంది. రాత్రిపూట మనుషులు వచ్చి కొడుకు ఎక్కడున్నాడని అడిగారని, ఫోన్ నంబరు ఇమ్మని బెదిరించారని అందులో ఉంది. నేనే అనువాదం చేశాను కాబట్టి నాకు బాగా గుర్తు. ఆర్డర్ మొత్తంలో ఆ అఫిడవిట్ ఊసే లేదు. కోర్టుకు పనికొచ్చే తప్పు అంటే ఇదీ. తేల్చిన మాటకు సూటిగా ఎదురు నిలిచే ముఖ్యమైన సాక్ష్యం గురించి మెంబరు ఒక్క మాటా రాయకపోతే, దాన్ని చూడలేదనే కోర్టు అనుకోవచ్చు. 1998 నాటి సెపెడా గుటియెరెజ్ తీర్పును లాయర్లు దీనికే వాడతారు. అతని లాయరు ఆ పాయింటునే మొదట పెట్టాడు, అనుమతి వచ్చింది.

ఇదే విషయంలో ఇంకో మాట. "నువ్వు ఎక్కడున్నావో ఇంటివాళ్లకు చెప్పకపోతే సరి, వాళ్ల ద్వారా ఎవరికీ తెలియదు" అన్నట్టు కొన్ని ఆర్డర్లు నడుస్తాయి. అమ్మానాన్నలకు కూడా చెప్పకుండా దాక్కుంటేనే బతికే చోటు నిజమైన ఆశ్రయం కాదని ఫెడరల్ కోర్టు 2020లో అలీ కేసులో చెప్పింది. మీ ఆర్డర్‌లో అలాంటి వాక్యం కనిపిస్తే ఎర్ర పెన్నుతో గీత గీసి లాయరుకు చూపండి.

నమ్మలేదన్న పేరాల్లో చూడాల్సింది: ప్రమాణం చేసి చెప్పిన మాట, అనుమానించడానికి కారణం లేనంతవరకు, నిజమనే మొదలుపెట్టాలని మాల్డొనాడో అనే పాత తీర్పు నుంచి ఉంది. మెంబరు చూపిన తేడాలు అసలు విషయానికి సంబంధించినవా, లేక దాడి జరిగింది సాయంత్రమా చీకటి పడ్డాకా అన్నలాంటివా? రెండో రకమైతే రాసుకోండి.

పోలీసుల గురించి: సొంత దేశం కాపాడగలదనే మొదట అనుకుంటారు, కాదని గట్టి సాక్ష్యంతో మనమే చూపాలి. 1993 నాటి వార్డ్ తీర్పు ఇది. స్టేషన్‌కు వెళ్లామని, ఎస్ఐ కేసు కట్టలేదని, ఆ తర్వాత ఎస్పీ ఆఫీసుకు వెళ్లామని, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చామని చూపే రసీదులు రికార్డులో ఉండీ మెంబరు పట్టించుకోలేదా? అదీ ఒక పాయింటే.

చట్టం చెప్పిన కారణాలంటే మతం, జాతి, దేశీయత, రాజకీయ అభిప్రాయం, ఒక సామాజిక వర్గానికి చెందడం. ఉత్త పగ అయితే వాటిలోకి రాదని తరచుగా రాస్తారు. అప్పుడు అదే ఇమ్మిగ్రేషన్ చట్టం 97వ సెక్షన్ కింద ప్రాణభయం చూస్తారు, అక్కడ రుజువు బరువు ఎక్కువ. ఈ రెండు కొలతలనూ మెంబరు కలిపేశాడా అన్నది లాయరు చూసే పని.

అనువాదకుడి తప్పులు

తెలుగు అనువాదకుడి విషయం విడిగా చెప్పాలి. మన సీమ మాట అందరికీ అందదు. హైదరాబాదులో పెరిగిన మనిషికి "కయ్యకాడ అడ్డం పడినారు" అంటే ఏ పొలం దగ్గరో, ఎవరు అడ్డగించారో సరిగా పట్టుబడకపోవచ్చు. తర్జుమా నిష్పక్షపాతంగా, ఏమీ వదలకుండా, సరిగ్గా ఉండాలని 2001లో మొహమ్మదియన్ కేసులో ఫెడరల్ కోర్ట్ ఆఫ్ అప్పీల్ చెప్పింది. అయితే తప్పు తెలిసిన మొదటి అవకాశంలోనే అభ్యంతరం చెప్పి ఉండాలి. విచారణ ఆడియో రికార్డు అవుతుంది. లాయరు దాన్ని తెప్పిస్తే, సీమ యాస తెలిసిన మనిషి వింటూ ఏ నిమిషంలో ఏ మాట తప్పుగా వెళ్లిందో పట్టిక రాయాలి. ఇది కడప నుంచి నిజంగా చేయగలిగిన సాయం.

ఇక్కడి నుంచి ఏ కాగితం, ఎక్కడికి

ఫెడరల్ కోర్టు కొత్త సాక్ష్యం దాదాపు తీసుకోదు. మెంబరు ముందు ఏముందో దాన్నే చూస్తుంది. పద్ధతిలో అన్యాయం జరిగిందని చూపడానికి తప్ప కొత్త కాగితాలు లోపలికి పోవు. కొత్త కాగితాలకు చోటు వేరే ఉంది. కేసు ఇంకా ఆర్ఏడీలో ఉంటే, ఆర్పీడీ కొట్టేసిన తర్వాత పుట్టినవి గానీ, అంతకుముందు తేగలిగే వీలు లేనివి గానీ ఇవ్వొచ్చు. కోర్టు వెనక్కి పంపితే మళ్లీ జరిగే విచారణలో ఇవ్వొచ్చు. అందుకని ఇప్పటినుంచే సేకరించి పెట్టుకోవడం మంచిదే.

ఫిర్యాదిదారుకు ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. 2024 జులై 1కి ముందు కేసులకు పాత సీఆర్పీసీ 154, ఆ తర్వాతవాటికి బీఎన్ఎస్ఎస్ 173 సెక్షన్ చూపి అడగండి. చార్జిషీటు, తీర్పు కావాలంటే ఆ కేసు నడిచిన కోర్టులో నకలు అర్జీ పెట్టి సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. జిరాక్స్ మీద నోటరీ ముద్ర కొట్టించినదానికీ, కోర్టు సీలున్న సర్టిఫైడ్ కాపీకీ చాలా తేడా ఉంది. గాయాల సర్టిఫికెట్‌లో తారీఖు, ఎఫ్ఐఆర్‌లో తారీఖు, మీ అబ్బాయి చెప్పిన తారీఖు ఒకటేనా చూడండి. తేడా ఉంటే దిద్దొద్దు, ఎందుకు వచ్చిందో నిజం రాసి లాయరుకు చెప్పండి. అనువాదంతోపాటు అనువాదకుడి పేరు, ఏ భాష నుంచి చేశారు, అనువాదం సరైనదన్న ప్రకటన, సంతకం ఉండాలి.

దొంగ కాగితాల గురించి చేతులు జోడించి చెబుతున్నాను. సర్పంచ్ లెటర్‌హెడ్ మీద ఎవరో టైపు చేసిన ఉత్తరం, పాత తారీఖుతో తయారైన డాక్టర్ సర్టిఫికెట్, ఇవి కేసును బలపరుస్తాయని చెప్పి డబ్బు తీసుకునేవాళ్లున్నారు. ఒక్క కాగితం అబద్ధమని తేలితే నిజమైనవాటి మీద కూడా నమ్మకం పోతుంది. నిజంగా దెబ్బలు తిన్న పిల్లవాడి కేసు ఇంటివాళ్లు పంపిన ఒక దొంగ ఉత్తరంతో కూలిపోతే, దాన్ని బాగుచేసే శక్తి ఏ లాయరుకూ ఉండదు.

ఎవరిని పెట్టుకోవాలి

ఫెడరల్ కోర్టులో మీ తరఫున నిలబడగలిగింది లాయరు మాత్రమే. లైసెన్సున్న ఇమ్మిగ్రేషన్ కన్సల్టెంట్లలో కొందరు బోర్డు ముందు హాజరు కావచ్చు, ఫెడరల్ కోర్టులో కుదరదు. అక్కడ ప్రతి రాష్ట్రంలో లా సొసైటీ ఉంటుంది, దాని వెబ్‌సైటులో లాయరు పేరు కొట్టి చూస్తే లైసెన్సు ఉందో లేదో తెలుస్తుంది. కడపలోనో హైదరాబాదులోనో కూర్చుని "కోర్టులో మేము చూసుకుంటాం" అనే ఏజెంటుకు డబ్బులు కట్టకండి. ఫీజు కట్టే స్తోమత లేకపోతే ఆ రాష్ట్రపు లీగల్ ఎయిడ్‌కు మీ అబ్బాయే దరఖాస్తు పెట్టుకోవాలి. అదీ మొదటి రెండు మూడు రోజుల్లోనే.

పాత ప్రతినిధి నిర్లక్ష్యం వల్లే కేసు పోయిందనుకుంటే అదీ ఒక వాదన కావచ్చు. కానీ ఆ మనిషికి ముందుగా నోటీసు ఇచ్చి, జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వాలని కోర్టు పద్ధతి. కొత్త లాయరుకు మొదటి రోజే ఈ సంగతి చెప్పాలి.

కోర్టు కూడా కాదంటే

ఆ తర్వాత దారులు ఇరుకు. ఫెడరల్ కోర్ట్ ఆఫ్ అప్పీల్‌కు వెళ్లాలంటే, అందరికీ వర్తించే ముఖ్యమైన ప్రశ్న ఉందని విచారించిన జడ్జే సర్టిఫై చేయాలి. అది అరుదు. ప్రాణభయాన్ని మళ్లీ పరిశీలించే పీఆర్ఆర్ఏ అనే పద్ధతి ఉంది గానీ, చివరి తిరస్కరణ నుంచి 12 నెలలు గడిచేదాకా మామూలుగా దానికి అర్హత రాదు. ఈలోగా పాత స్టే అయిపోతుంది. దేశం విడిచి వెళ్లమనే డిపార్చర్ ఆర్డర్ అమల్లోకి వచ్చిన 30 రోజుల్లో బయలుదేరి, ఎయిర్‌పోర్టులో సరిహద్దు అధికారుల దగ్గర డిపార్చర్ సర్టిఫికెట్ తీసుకోకపోతే అది డిపోర్టేషన్ ఆర్డర్‌గా మారుతుంది. అప్పుడు మళ్లీ ఎప్పుడు కెనడా వెళ్లాలన్నా ప్రత్యేక అనుమతి కావాలి. వెనక్కి రావడమే అయితే టికెట్ తీసేముందు లాయరుతో మాట్లాడి, ఆ సర్టిఫికెట్ ఎక్కడ, ఏ గంటకు ఇస్తారో రాసుకుని బయలుదేరమనండి. నేరుగా కడపకే రావాలా, కొన్నాళ్లు వేరే ఊళ్లో బంధువుల దగ్గర ఉండాలా అన్నది ఇంట్లో ముందే మాట్లాడుకోండి. బెదిరింపు ఇంకా ఉంటే, అతను దిగకముందే ఎస్పీ ఆఫీసులో రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.